ప్రభల దారికి ఎక్సెల్ షీటు

నేను దేవుణ్ణి నమ్మను. అయినా నా ఉద్యోగ జీవితంలో మంచి భాగమంతా శివరాత్రి పనులతోనే గడిచింది. ఈ రెండూ ఎలా పొసిగాయని నన్ను చాలామంది అడిగారు. పొసగకపోవడానికి ఏముంది? దేవుడు ఉన్నాడా లేడా అన్న చర్చతో కరెంటు తీగకు పని లేదు. నమ్మినవాడు ముట్టుకున్నా, నమ్మనివాడు ముట్టుకున్నా అది ఇద్దరినీ ఒక్కలాగే చూస్తుంది. మన దేశంలో అంత సమదృష్టి ఉన్న వస్తువును నేను మరొకదాన్ని చూడలేదు.

విద్యుత్ శాఖలో అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ)గా చేరి, అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరు (ఏడీఈ)గా రిటైరయ్యాను. ఆ మధ్యలో ఏ మెట్టు ఎప్పుడు ఎక్కానో చెప్పను, అది ఎవరికీ పనికొచ్చే సంగతి కాదు. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లలకు పనికొస్తుందనుకున్న ఒక్క పని గురించే రాస్తున్నాను. పనుల షెడ్యూలు తయారు చేయడం గురించి. కాగితం మీద మొదలుపెట్టి ఎక్సెల్ షీటు దాకా నేను చూసిన షెడ్యూళ్ళన్నిటిలోకీ కష్టమైనది, నాకు ఇష్టమైనది, కోటప్పకొండ తిరునాళ్ళ షెడ్యూలు. ఊళ్ళ పేర్లూ మనుషుల పేర్లూ మార్చాను.

నరసరావుపేట చుట్టుపక్కల పుట్టినవాళ్ళకు ప్రభ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. వేరే జిల్లాల నుంచి వచ్చే పిల్లల కోసం చెబుతాను. వెదురు బొంగులతో, సరుగుడు గుంజలతో గోపురంలా కట్టి, రంగు గుడ్డలు చుట్టి, ఒళ్ళంతా బల్బులు పొదిగి, చక్రాల మీద నిలబెట్టి, నాలుగు వైపులా మోకులు పట్టుకుని కొండ దాకా నడిపించుకుపోయే కట్టడం అది. మూడంతస్తుల మేడ పక్కన నిలబెడితే మేడే పొట్టిగా కనిపిస్తుంది. ఒక్కో ఊరికి ఒక్కో ప్రభ. ఆ ఊరి పరువంతా నిలువునా నిలబడి రోడ్డు మీద నడుస్తుందనుకోండి. రోడ్డుకు అడ్డంగా మా తీగలుంటాయి. ప్రభ వచ్చే వేళకు ఆ లైనుకు కరెంటు ఆపాలి. స్తంభాలెక్కి తీగలు విప్పి నేలకు దించాలి. ప్రభ దాటాక మళ్ళీ ఎక్కించి బిగించి, కరెంటు ఇవ్వాలి. ఒక ఊరికి ఇలా నాలుగైదు చోట్ల చేయాలి. అన్ని ఊళ్ళ ప్రభలూ ఒకే రోజు కదులుతాయి.

ఎత్తు చెప్పని ఊళ్ళు

షెడ్యూలుకు మొదట కావలసింది ప్రభ ఎత్తు. ఎత్తు తెలిస్తేనే ఏ తీగ దించాలో, ఏది దించకపోయినా పర్వాలేదో తెలుస్తుంది. కానీ ఎత్తు ఏ ఊరూ నిజం చెప్పదు. మా ఆఫీసుకు వచ్చి పర్మిషన్ అడిగేటప్పుడు తగ్గించి చెబుతారు. పక్క ఊరి వాళ్ళతో చెప్పేటప్పుడు పెంచి చెబుతారు. పోనీ, మేమే టేపు పట్టుకుని వెళితే కొలవనివ్వరు. దేవుడి ప్రభను కొలిస్తే దిష్టి తగులుతుందట. నా మొదటి ఏడాది గుండ్లవరం ప్రభ కమిటీ పెద్ద కోటయ్య బాబాయ్ నా చేతిలో టేపు చూసి, "అది సంచిలో ఎట్టుకో అమ్మాయ్, పెరిగే బిడ్డని కొలుత్తారా ఎవురన్నా?" అన్నాడు. వెదురు గుంజలు పెరగవని నేను వాదించాను. ప్రతి ఏడూ పెరుగుతానే ఉందిగదా, ఎనకటేటికీ ఇప్పటికీ చూసుకో అన్నాడు. ప్రభ నిజంగానే ఏటేటా పెరుగుతోంది.

ఈ చిక్కు విప్పిన మనిషి నా మొదటి ఏడీఈ విశ్వనాథం గారు. నుదుటి మీద మూడు అడ్డ విభూతి రేఖలు లేకుండా ఆయన ఆఫీసుకు వచ్చిన రోజు లేదు. నేనేమో సంస్కరణ సభల్లో మైకు ముందు పెరిగినదాన్ని. ఆ రేఖలు చూడగానే ఈయన దగ్గర నాకు పని జరగదనుకున్నాను. టేపు సంగతి చెప్పుకుని వాపోయాను. ఆయన సాయంకాలపు ఎండలో గుండ్లవరం తీసుకెళ్ళారు. ప్రభకు దణ్ణం పెట్టుకుని, మూరెడు కర్ర ఒకటి నేలలో గుచ్చి, కర్ర నీడ ఎంతో చూశారు. తరువాత ప్రభ నీడను అడుగులతో కొలుచుకుంటూ తాపీగా నడిచారు. కర్రకూ దాని నీడకూ ఉన్న లెక్కే ప్రభకూ దాని నీడకూ ఉంటుంది. హైస్కూల్లో చదువుకున్నదే, నాకు తట్టలేదు. పక్కనే నిలబడి కోటయ్య బాబాయ్ అదంతా ఏదో పూజ అనుకున్నాడు.

జీపులో కూర్చున్నాక విశ్వనాథం గారు అన్నది నాకు ఇప్పటికీ గుర్తు. "ప్రభను కొలిస్తే దిష్టమ్మా. నీడను కొలిస్తే తప్పని ఏ శాస్త్రమూ చెప్పలేదు."

నేను చూసిన పై అధికారుల్లో ఆయన అందరికంటే భక్తుడు, పని దగ్గర అందరికంటే నాస్తికుడు. లైనులో కరెంటు లేదని ఎవరు చెప్పినా నమ్మేవారు కాదు. తీగలోని కరెంటును నేలలోకి దింపే ఎర్తింగ్ రాడ్డు తగిలించి చూసేదాకా ఎవరినీ స్తంభం మీద చెయ్యి వేయనిచ్చేవారు కాదు. ఒకసారి సబ్‌స్టేషన్ ఆపరేటర్ సొంత తమ్ముడే లైన్‌మన్‌గా ఉన్నాడు. అన్నే కరెంటు తీశాడు కదా సార్, రాడ్డెందుకు అని తమ్ముడు నసిగాడు. అన్న మీద ప్రేమ ఉంటే రాడ్డు వెయ్యి, లేకపోతే జీవితాంతం ఏడ్చేది వాడే అన్నారు విశ్వనాథం గారు. హేతువాదం మీద నేను విన్న ఉపన్యాసాలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

షెడ్యూలులో దేనికి చోటుంది

కొత్తవాళ్ళు షెడ్యూలు అంటే టైములు రాసిన పట్టిక అనుకుంటారు. అది బస్టాండులో బోర్డు. ఏ పని అయితేనే ఏ పని మొదలవ్వాలో చెప్పేదే షెడ్యూలు. కరెంటు ఆగితేనే రాడ్డు. రాడ్డు పడితేనే మనిషి ఎక్కడం. మనిషి దిగితేనే ప్రభ కదలడం. టైములు వీటికి పైన చుట్టే గుడ్డ లాంటివి. ప్రభ ఎప్పుడూ టైముకు రాదు. ఏ ఊరి ప్రభ దగ్గరో మోకు తెగుతుంది, ఏ ట్రాక్టరో మొరాయిస్తుంది. టైములు తప్పినా వరస తప్పకపోతే అందరూ ఇంటికి చేరతారు.

నాకు పై అధికారిగా ఒక డీఈ, అంటే డివిజనల్ ఇంజనీరు, ఉండేవాడు. షెడ్యూలు అందంగా లేదని వెనక్కి పంపేవాడు. గళ్ళు కలిపేసి మధ్యలో పెద్ద అక్షరాలతో దేవుడి పేరు రాయించేవాడు. మరొకాయన ప్రతి వరసలోనూ 'సిబ్బంది' అని రాయించేవాడు. సిబ్బంది అనే పేరు గల మనిషి మా ఆఫీసులో లేడు. సిబ్బంది స్తంభం ఎక్కడు. మస్తాన్ ఎక్కుతాడు, ఏసుబాబు ఎక్కుతాడు. ఎక్కే మనిషి పేరు రాయని షెడ్యూలు పై అధికారి కోసం తయారైందే తప్ప పని కోసం కాదు. పేర్ల దగ్గర మాకు ఇంకో తిప్పలు ఉండేది. కమిటీ పెద్దలందరూ కోటేశ్వరరావులు, కోటయ్యలు, కోటిరెడ్లు. కొండ దేవుడి పేరే ఇంటింటా పెట్టుకుంటారు. 'కోటయ్య గారికి ఫోన్ చేయాలి' అని రాసుకుంటే ఏ కోటయ్యో తెలిసేది కాదు. పేరు పక్కన ఇంటి ముందున్న గుర్తు కూడా రాసుకునేదాన్ని. 'బావి ఇంటి కోటయ్య' అన్నట్టు.

ఆ అందాల డీఈ ఒక ఏడాది షెడ్యూలులో వర్జ్యం, దుర్ముహూర్తం కాలమ్ పెట్టమన్నాడు. నేను ఆయన గదిలోనే చర్చకు దిగాను. మంచి ఘడియలో ముట్టుకుంటే కరెంటు కొట్టదా అని అడిగాను. అధిక ప్రసంగం వద్దన్నాడు. ఇంటికి వచ్చి కోపం చల్లారాక ఆలోచించాను. ఆయన చెప్పిన కారణం తప్పు. కానీ కాలమ్ మాత్రం అవసరమే. వర్జ్యం వేళ ఏ ఊరూ ప్రభను కదపదు. అది అయ్యాక అన్ని ఊళ్ళూ ఒక్కసారి కదులుతాయి. గ్రహాలకు మన మీద పట్టుంటుందన్నది అబద్ధం. గ్రహాలను నమ్మి జనం ఆగిపోతారన్నది నిజం. షెడ్యూలులో నిజానికి చోటివ్వాలి, అది మనకు నచ్చకపోయినా. మర్నాడు ఆ కాలమ్ పెట్టాను. డీఈ నేను మారానని సంబరపడ్డాడు. మారలేదని చెప్పి ఆయన సంబరం పాడు చేయలేదు.

కిరణ్ షీటు

నేను రిటైరయ్యే ముందు ఏడాది మా సబ్‌డివిజన్‌కు కిరణ్ అనే కుర్రాడు ఏఈగా వచ్చాడు. మాది ఎడ్లపాడు వైపండీ అన్నాడు. పొలం పని తెలిసిన ఇంటి పిల్లవాడు. ఎండకు భయపడడు, మనుషులకు భయపడడు. వచ్చిన వారంలోనే నా కాగితాల కట్ట చూసి, దీన్నంతా నేను షీటులోకి ఎక్కిస్తాను మేడం అన్నాడు. ఎక్కించాడు. నేను ఏళ్ళ తరబడి తల్లో మోసినదంతా వరసల్లోకి వచ్చి కూర్చుంది. ఒక్కో వరస ఒక్కో క్రాసింగ్, అంటే ప్రభ తీగ కింద నుంచి దాటే చోటు. ఎడమ వైపు ఊరి పేరు, క్రాసింగ్, ప్రభ వచ్చే టైము, ఎక్కే మనిషి పేరు. కుడి వైపు ఫీడరు పేరు, అంటే ఆ తీగకు సబ్‌స్టేషన్ నుంచి ఏ లైనులో కరెంటు వస్తుందో అది. చివర్లో ఆపరేటర్ టిక్కు పెట్టే గడి. టిక్కు పడగానే వరసంతా పచ్చ రంగులోకి మారుతుంది. షీటును అందరి ఫోన్లకూ షేర్ చేశాడు. తిరునాళ్ళ రోజు జనం ఎక్కువై ఫోన్లు కలవవు, మెసేజీలు మాత్రం ఎలాగో దూరిపోతాయి. అందుకని లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎదురు చూడనక్కర్లేదు, పచ్చ రంగు చూస్తే చాలు అన్నాడు.

దానికి ముందు పద్ధతి వేరు. ఎక్కబోయే మనిషే ఫోన్ చేసి, ఫలానా ఫీడరు ఆపమని పేరు చెప్పేవాడు. ఆపరేటర్ ఆ పేరు తిరిగి పలికి, ఆపి, ఆపానని చెప్పేవాడు. దీన్నే మేము లైన్ క్లియర్ అంటాం. పని అయ్యాక, ఇక కరెంటు ఇవ్వొచ్చని దాన్ని తీసుకున్న మనిషే తిరిగి ఇవ్వాలి, ఇంకొకరు ఇస్తే చెల్లదు. కిరణ్ పద్ధతి దీనికంటే వేగం. నాకు ముచ్చటేసింది. రాడ్డు మాత్రం మానొద్దన్నాను. మానమన్నాడు.

కిరణ్ చేసిన ఇంకో మంచి పని, ఎడమ భాగాన్ని మాత్రమే ప్రింటు తీసి పోలీసులకూ ప్రభ కమిటీలకూ ఇవ్వడం. ఫీడర్ల గొడవ వాళ్ళకెందుకని, ఆ రెండు భాగాలకూ నడుమ ఒక ఖాళీ కాలమ్ వదిలాడు. చూడ్డానికి శుభ్రంగా ఉంది.

శివరాత్రి ముందు రోజు కోటయ్య బాబాయ్ ఆఫీసుకు వచ్చాడు. అప్పటికి ముసలివాడైపోయాడు, గొంతు మాత్రం తగ్గలేదు. చినమద్దూరు ప్రభ తమకంటే ముందు దాటేట్టు వేశారట. ఇది కుదరదన్నాడు. మా తాతలనాటి నుంచీ మలుపు కాడ గుండ్లవరమే ముందు అన్నాడు. చినమద్దూరు వాళ్ళూ అదే మాట అంటారని చెప్పాను. ఆళ్ళ తాతలు మా తాతల కాడ పాలేర్లమ్మాయ్ అని ఎత్తుకున్నాడు. ఆ లెక్క నా దగ్గర చెప్పొద్దు బాబాయ్, నాకు నచ్చదన్నాను. నవ్వాడు. చివరికి రెండు ఊళ్ళ పెద్దలూ ఫోన్లో మాట్లాడుకుని, ఈ ఏడు గుండ్లవరం, వచ్చే ఏడు చినమద్దూరు అని ఒప్పుకున్నారు. కిరణ్ టైములు మార్చి, కొత్త టైముల ప్రకారం వరసలన్నీ సర్దమని షీటుకు చెప్పాడు. క్షణంలో సర్దేసింది. బాబాయ్ ల్యాప్‌టాప్ వంక ఆశ్చర్యంగా చూసి, "మా గొడవ తీర్చటానికి ఇదేదో బాగుందిరా అబ్బాయ్, పంచాయితీకి తీసుకెళ్తా ఇస్తావా?" అన్నాడు.

ఎక్సెల్ వాడినవాళ్ళకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. నడుమ ఖాళీ కాలమ్ ఉంటే పట్టిక అక్కడికే అయిపోయిందని షీటు అనుకుంటుంది. ఎడమ భాగం కొత్త వరసలోకి సర్దుకుంది. కుడి భాగం ఎక్కడిది అక్కడే ఉండిపోయింది. గుండ్లవరం మలుపు పక్కన ఉండాల్సిన రైస్‌మిల్లు ఫీడరు పోయి, పాలకేంద్రం ఫీడరు వచ్చి కూర్చుంది. చూసినవాళ్ళెవరికీ తేడా తెలియదు. అన్ని గళ్ళూ నిండుగానే ఉన్నాయి.

గుండ్లవరం మలుపు

మర్నాడు మధ్యాహ్నం నేను జీపులో గుండ్లవరం మలుపుకు బయలుదేరాను. అక్కడ ఎక్కవలసింది మస్తాన్. నాతో ఇరవై ఏళ్ళకు పైగా పని చేసిన లైన్‌మన్. ప్రతి శివరాత్రికీ గుండ్లవరం ప్రభకు దారిచ్చేది అతనే. ఊళ్ళో ఆడవాళ్ళు పొద్దున్నే అతనికి పులిహోర పంపేవాళ్ళు. ఎర్తింగ్ రాడ్డు నా జీపులోనే ఉంది, ఎందుకంటే పొద్దున ఇంకో క్రాసింగ్ దగ్గర వాడి తెస్తున్నాం. మలుపు ఇంకా చాలా దూరం ఉండగానే జనంలో జీపు ఇరుక్కుపోయింది. దిగి నడవడం మొదలుపెట్టాను. హెల్పరు రాడ్డు భుజాన వేసుకుని వెనకే వస్తున్నాడు.

నడుస్తూ, మస్తాన్‌కు ఏ టైము వేశామో చూద్దామని చేతిసంచిలోని ప్రింటు తీశాను. నాది మొత్తం షీటు, రెండు భాగాలూ ఉన్నది. గుండ్లవరం మలుపు వరసలో వేలు పెట్టి కుడి వైపుకు జరిపితే పాలకేంద్రం ఫీడరు అని కనిపించింది. ఆ దారంతా నేను కాలినడకన తిరిగినదాన్ని. పాలకేంద్రం లైను ఆ మలుపు దరిదాపులకు రాదు. కింది వరస చూశాను, అదీ తప్పే. పై వరసా తప్పే. అప్పుడు ఖాళీ కాలమ్ కనిపించింది.

ఫోన్ తీసి చూస్తే గుండ్లవరం వరస పచ్చగా ఉంది. అంటే ఆపరేటర్ పాలకేంద్రం ఫీడరు ఆపి టిక్కు పెట్టేశాడు, మలుపు తీగలో కరెంటు అలాగే ఉంది.

మస్తాన్‌కు చేశాను, కలవలేదు. సబ్‌స్టేషన్‌కు చేశాను, కలవలేదు. కిరణ్‌కు మెసేజ్ పెట్టాను, వెళ్ళిందో లేదో తెలియదు. మస్తాన్ ఫోన్ చిన్నది. దాని తెర మీద ఊరి పేరు, టైము, రంగు ఇవే కనిపిస్తాయి. ఫీడరు చూడాలంటే పక్కకు జరపాలి. అతను ఎందుకు జరుపుతాడు? పచ్చగా ఉంది కదా. రాడ్డు నా దగ్గర ఉంది. వర్జ్యం దగ్గర పడుతోంది. ఊరు ఊరంతా అతన్ని ఎక్కమని తొందర పెడుతూ ఉంటుంది. అరవై దగ్గరపడ్డ మనిషిని, పరిగెత్తాను.

మలుపు వైపు నుంచి డప్పులు వినిపిస్తున్నాయి. వినిపిస్తున్నంత సేపూ ధైర్యంగానే ఉంది. ఉన్నట్టుండి ఆగిపోయాయి.

తిరునాళ్ళలో డప్పులు ఎందుకు ఆగుతాయో నాకు తెలుసు. హెల్పరు నా మొహం చూసి రాడ్డు పట్టుకుని ముందుకు పరిగెత్తాడు. నేను ఎలా వెళ్ళానో చెప్పలేను.

మలుపు దగ్గర జనం గుండ్రంగా నిలబడి ఉన్నారు. తోసుకుని లోపలికి వెళితే, స్తంభం మొదట్లో మస్తాన్ కింద కూర్చుని ఉన్నాడు. చేతిలో చెరుకు రసం గ్లాసు. అతని చొక్కా కాలరు వెనక నుంచి కోటయ్య బాబాయ్ పిడికిట్లో ఉంది. నన్ను చూడగానే బాబాయ్ అందుకున్నాడు.

"ఏందమ్మాయ్ మీ కరెంటు? వీడేమో కరెంటు తీశారు, ఎక్కుతున్నా అంటాడు. ఆ మిషనేమో గిరగిరా తిరగతా ఉండె. కరెంటు లేకుండా అదెట్టా తిరుగుద్ది?"

రోడ్డు పక్కన చెరుకు రసం బండి ఉంది. దాని మోటారు స్తంభం పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ కరెంటుతో నడుస్తుంది, ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు వచ్చేది మస్తాన్ దించబోయే తీగలోంచే. జరిగింది ఇది. వర్జ్యం వచ్చేలోపు మలుపు దాటాలని బాబాయే మస్తాన్‌ను తొందర పెట్టాడు. మస్తాన్ ఫోన్ చూశాడు, పచ్చగా ఉంది. రాడ్డు ఇంకా రాలేదన్నాడు. జనం వినలేదు. సరేనని తాడు నడుముకు కట్టుకుని రెండడుగులు ఎక్కాడు. ఎండకు నోరెండిపోయి బాబాయ్ ఒక గ్లాసు రసం అడిగాడు. బండి అతను చెరుకు పెట్టాడు, మిషను తిరిగింది. గ్లాసు నోటి దాకా వచ్చాక బాబాయ్‌కి వెలిగింది. గ్లాసు పారేసి పోయి మస్తాన్ కాలు పట్టుకుని కిందికి లాగాడు. డప్పులు ఆపించాడు. ఆ తరువాత ఇంకో గ్లాసు పిండించి మస్తాన్ చేతిలో పెట్టాడు.

మస్తాన్ నడుముకు కట్టుకున్న తాడు ఇంకా విప్పలేదు.

నేను సంగతి చెప్పి, మోటార్ సైకిల్ మీద ఒకణ్ణి సబ్‌స్టేషన్‌కు పంపాను. చుట్టూ ఉన్న కుర్రాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. వర్జ్యం వచ్చేస్తోంది. వెనకాల చినమద్దూరు ప్రభ వచ్చి నిలబడింది. వాళ్ళ కుర్రాళ్ళు ఈలలేస్తూ, మీరు కదలకపోతే మేం తీగల్లేని పక్క డొంకలో పడి ముందు పోతామంటున్నారు. గుండ్లవరం కుర్రాడొకడు వచ్చి, "తాతా, తీగ కిందగా మోకులతో వంచి లాగేద్దామా?" అన్నాడు. బాబాయ్ అతని వంక చూసిన చూపుకు నేనే ఒక అడుగు వెనక్కి వేశాను.

"ఒరేయ్, మస్తాన్ ఎక్కి, దిగి, పొమ్మన్నాక పోతాం. వచ్చే వర్జ్యాన్ని రానియ్యి. ఆళ్ళని ముందు పోనియ్యి."

తాతలనాటి మొదటి స్థానం కోసం నిన్న నా ఆఫీసులో బల్ల చరిచిన మనిషి ఆయన. చినమద్దూరు ప్రభ డొంకలో తిరిగి, చెట్ల అవతలగా గుండ్లవరాన్ని దాటుకుని ముందుకు పోయింది. వాళ్ళు పోతూ అన్న మాటలు రాయదగ్గవి కావు. బాబాయ్ వాళ్ళ వైపు తల తిప్పలేదు.

కొంతసేపటికి రసం మిషను దానంతట అదే ఆగిపోయింది. సబ్‌స్టేషన్‌లో సరైన ఫీడరు ఆపారన్నమాట. కాసేపటికి మోటార్ సైకిల్ తిరిగి వచ్చింది. వెనక కూర్చుని కిరణ్ వచ్చాడు. నా మెసేజ్ అందగానే ఇంకో క్రాసింగ్ నుంచి సబ్‌స్టేషన్‌కు పరిగెత్తి, ఆపరేటర్ పక్కన నిలబడి ఆపించాడట. మస్తాన్ లేచి, హెల్పరు చేతిలో నుంచి రాడ్డు తీసుకుని, తగిలించి చూశాడు. ఆ తరువాత స్తంభం ఎక్కాడు. బాబాయ్ చెయ్యెత్తి ఉంచాడు. డప్పు మోగలేదు, ఈల పడలేదు. అంత జనం అంత నిశ్శబ్దంగా ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. మస్తాన్ తీగలు విప్పి దించి, రెండో స్తంభం కూడా ఎక్కి, దిగి, నేల మీద నిలబడి చెయ్యి ఊపాకే బాబాయ్ చెయ్యి దించాడు. ప్రభ నిండు వర్జ్యంలో మలుపు దాటింది.

నేను పక్కన నడుస్తూ, దుర్ఘడియలో కదిపావు కదా బాబాయ్ అన్నాను. అనకుండా ఉండలేకపోయాను.

"మస్తాన్‌గాడు నేల మీద ఉండాడుగా అమ్మాయ్. ఇంకేం ఘడియ గావాల" అన్నాడు.

పంచాంగం మీద నేను రాసిన వ్యాసాలన్నీ చదివినా ఆయన ఆ మాట అనేవాడు కాదు. తిరుగుతున్న మిషనును కళ్ళు తెరిచి చూశాడు కనుక అన్నాడు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. పంచాంగంలో ఉంది కాబట్టి నిజం అనే జనాన్ని నా జీవితమంతా తిట్టాను. షీటులో పచ్చగా ఉంది కాబట్టి కరెంటు లేదు అనుకోవడం అదే నమ్మకం. కొత్త బట్టలు వేసుకుంది, అంతే. కంప్యూటరు ముందు కూర్చుంటే మనిషి హేతువాది అయిపోడు. వెళ్ళి చూసినవాడే అవుతాడు.

ఆ తరువాత

మూడో రోజు కిరణ్ వచ్చి, ఆ షీటు తీసేస్తాను మేడం, పాత కాగితాలే వాడదాం అన్నాడు. నాకు కోపం వచ్చింది. షీటు చేసిన తప్పేమీ లేదు. అది సర్దమన్నంత వరకు సర్దింది. ఆ ఏడాది కొండకు చేరిన మిగతా ప్రభలన్నిటికీ ఏ మనిషి ఎక్కడ ఉండాలో చెప్పింది కూడా అదే. నా కాగితాల కట్టతో అంత పని ఎన్నడూ కాలేదు. తప్పు జరిగిందని పనిముట్టును పారేసేవాడు, ఆ పనిముట్టును పూజించేవాడు, ఇద్దరూ దాన్ని అర్థం చేసుకోనివాళ్ళే అన్నాను.

మస్తాన్ అప్పుడే లోపలికి వచ్చాడు. కిరణ్ లేచి నిలబడి క్షమాపణ చెప్పబోయాడు. మస్తాన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "కూర్చోండి సార్. మా ఆవిడ మిమ్మల్ని చానా తిట్టింది. నేను గూడా రెండు తిట్టా. అయిపాయె. మీరు ఏడుస్తా కూర్చుంటే వచ్చే ఏడు ఈ పని ఎవురు చేత్తారు?" అన్నాడు.

కిరణ్ ల్యాప్‌టాప్ తెరిచాడు. మొదట ఆ ఖాళీ కాలమ్ తీసేశాడు. ఫీడరు పేరును ఊరి పేరు పక్కకు తెచ్చాడు, ఎంత చిన్న ఫోన్లో చూసినా ముందు అదే కనబడేట్టు. ఆపరేటర్ టిక్కుతో వరసకు రంగు మారడం ఆపేశాడు. ఫోన్ కలిసేదాకా ఎక్కకూడదని, కలవకపోతే మనిషిని పంపాలని రాశాడు. చివర్లో కొత్త కాలమ్ ఒకటి చేర్చి, దానికి ఏం పేరు పెట్టాలా అని ఆలోచిస్తూ ఉండిపోయాడు. నేను 'తనిఖీ పూర్తి' అని పెట్టమన్నాను. ఒప్పుకోలేదు. టైపు చేసి, తెర మా ఇద్దరి వైపూ తిప్పాడు. 'నేను చూశాను' అని ఉంది.

నేను అంటే ఎవరయ్యా అని అడిగాను.

"'తనిఖీ పూర్తి' అంటే ఎవరు చేశారో తెలీదు మేడం, ఎవరైనా టిక్కు పెట్టేస్తారు. ఇది రాడ్డు తగిలించిన మనిషే పెట్టాలి. 'నేను' అని ఉంటే, వేలు ఆనించే ముందు ఒక్కసారి తల ఎత్తి తీగ వంక చూస్తాడు."

మస్తాన్ ఆ గడిని కాసేపు చూశాడు. సబ్‌స్టేషన్ నుంచి పని పిలుపు వచ్చింది, ఎక్కడో స్తంభం మీద రెండు తీగలను కలిపే జంపరు కాలిందట. లేచి నిలబడి, ఎళ్దాం పదండి సార్, ఈ పొద్దు నుంచే మొదలెడదాం అన్నాడు. ఇద్దరూ రాడ్డు పట్టుకుని బయలుదేరారు.